ఈసుకుపోయే జబ్బు: టీకా వేసిన పెయ్యకీ పాజిటివ్ వస్తుందా?

ప్రశ్న (తెనాలి దగ్గర, 6 ఆవులు):
మా జెర్సీ ఆవు ఏడో నెలలో ఈసుకుపోయింది. మాయ కూడా పడలేదు. రోజ్ బెంగాల్ అనే రక్తపరీక్షలో బ్రూసెల్లా (ఈసుకుపోయేలా చేసే క్రిమి) పాజిటివ్ అన్నారు. పక్కన కట్టే ఏడాది పెయ్యకీ పాజిటివే! దానికి ఆరో నెల వయసులో బ్రూసెల్లా టీకా వేయించాను. రెంటినీ సంతలో అమ్మేయమంటాడు మా బావ. టెన్షన్‌తో నిద్ర లేదు.

జవాబు (పశువైద్యుడు):
పెయ్యను అమ్మకండి. దానికి వేసే ఎస్19 అనే బ్రూసెల్లా టీకాలో ఉండేది బలహీనపరిచిన, బతికున్న బ్రూసెల్లా క్రిమే. టీకా వల్ల పుట్టిన ప్రతిరక్షకాలేవో (యాంటీబాడీలు), జబ్బు వల్ల పుట్టినవేవో ఆ పరీక్షతో తెలియదు. టీకావైతే తగ్గుతూ పోతాయి, కొన్ని నెలలాగి మళ్లీ రక్తం తీయించండి. ఆవు సంగతి వేరు. ఎలైసా అనే ఇంకో రక్తపరీక్ష చేయించి, ఈలోగా విడిగా కట్టండి. అమ్మితే జబ్బు ఇంకొకరి కొట్టంలోకి పోతుంది.

జవాబు (పాడి రైతు):
మాయ చేత్తో లాగారా? నేను గ్లవ్స్ లేకుండా లాగి, వచ్చిపోయే జ్వరంతో, కీళ్ల నొప్పులతో మూడు నెలలు మంచాన పడ్డా. అందరం టైఫాయిడ్ అనుకున్నాం, తీరా చూస్తే అదీ బ్రూసెల్లానే.

ప్రశ్న అడిగినవారు:
చేత్తోనే లాగాను సార్. రేపు నా రక్తం కూడా ఇస్తా. పాలు మాత్రం కాచే తాగుతున్నాం.