పిల్లల నోట ముందు పేర్లే వస్తాయా? ‘తిను’ మీద ఒక మాట

‘పిల్లలకు ముందు బువ్వ, తాత, కుక్క లాంటి పేర్లే వస్తాయి, క్రియలు ఆ తర్వాతే’ అని ఒకరు రాశారు. చాలా భాషల్లో అంతే, కాదనను. త్సెల్తాల్ దగ్గరే చిక్కు.

దక్షిణ మెక్సికోలోని చియాపాస్ కొండల్లో 5 లక్షల మందికి పైగా మాట్లాడే మాయా భాష ఇది. తినేదాన్ని బట్టి క్రియ మారిపోతుంది. మొక్కజొన్న రొట్టెకు ‘వె’, అరటిపండులాంటి మెత్తటివాటికి ‘లొ’, మాంసానికి ‘తి’, కరకరా నమిలేవాటికి ‘కుష్’. (మొదటి మూడింటి చివర గొంతు టక్కున ఆగుతుంది. మన లిపిలో దానికి గుర్తు లేదు.) పెనెలపీ బ్రౌన్ అనే పరిశోధకురాలు తెనెహాపా ప్రాంతంలో పిల్లల మాటలు రికార్డు చేసి చూస్తే, తొలి మాటల్లోనే ఇలాంటి క్రియలు దొరికాయి. ముందూ వెనకా చేరాల్సినవి వదిలేసి ఉత్త ధాతువే పలుకుతారట.

పెద్దలు మాట్లాడుకునే తీరు కూడా ఇందుకు సాయపడుతుందని ఆవిడ అంటారు. ఎవరైనా ఏదైనా అడిగితే ఆ క్రియనే తిరిగి చెప్పడం అక్కడ మామూలు. మనం ‘తిన్నావా?’ అంటే ‘తిన్నా’ అంటాం కదా, అలాగే. ఎవరు, ఏమిటి అన్నవి జారిపోయి క్రియ ఒక్కటే మళ్లీ మళ్లీ చెవిన పడుతుంది.

ఇది విని ఒకావిడ అన్నారు: – అయితే వాళ్లు పిల్లలతో తెగ మాట్లాడతారన్నమాట. మా ఇంట్లో అందరూ ఫోన్లలోనే ఉంటారు, మనవడి సంగతి తలుచుకుంటేనే టెన్షన్.

అదీ కాదండీ. 2020లో మరీసా కసియాస్ బృందం అక్కడి ఒక ఊళ్లో మూడేళ్ల లోపు పిల్లల మీద చేసిన పరిశోధన అచ్చయింది. పిల్లల్ని ఉద్దేశించి నేరుగా మాట్లాడేది గంటకు సగటున 4 నిమిషాల లోపే. పసిబిడ్డ తల్లి వీపున గుడ్డలో ఉండి పెద్దల కబుర్లు వింటుంది. అయినా మొదటి మాట గానీ, రెండేసి మాటలు కలపడం గానీ మిగతా చోట్ల పిల్లలకు వచ్చే వయసులోనే వచ్చేస్తున్నాయి. అలాగని ఫోనుకు నేను వకాల్తా పుచ్చుకోవడం లేదు. ఆ బిడ్డ చుట్టూ మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారు మరి!

మనవాళ్లలో ‘దా’, ‘ఇయ్యి’, ‘పో’ ఎప్పుడొచ్చాయో ఎవరూ గుర్తు పెట్టుకోరు. ‘అత్త’ అన్నాడంటే మాత్రం ఊరంతా చాటింపే. ఇంట్లో రెండేళ్ల లోపు పిల్లలున్నవాళ్లు వాళ్ల తొలి క్రియలేవో ఇక్కడ రాయండి. బొమ్మల పుస్తకం ముందు పెట్టి ‘ఇదేంటి, ఇదేంటి’ అని రాబట్టినవి లెక్కలోకి రావు.