తగ్గని నొప్పులకు గంజాయి మందు: డాక్టర్ చీటీ మీద ఇవ్వొచ్చా, వద్దా?

కోరుట్ల_కొడుకు (ప్రస్తుతం హన్మకొండ):
మా అమ్మ ముప్పై ఏళ్లు బీడీలు చుట్టింది. ఒడిలో చేట, చేటలో తునికాకు, తంబాకు. పొద్దున కూర్చుంటే వెయ్యి బీడీలు అయ్యేదాకా లేచేది కాదు. ఇప్పుడు నడుము వంగదు, లేవదు. దానికి తోడు షుగరుతో అరికాళ్లలో మంటలు. రాత్రి రెండు గంటలకు లేచి, గడప దగ్గర బండ చల్లగా ఉంటుందని రెండు కాళ్లూ దాని మీద ఆనించి కూర్చుంటుంది. బండ వేడెక్కగానే పక్క బండకు జరుగుతుంది. తెల్లారేదాకా అదే పని.

ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర పదేళ్లు నొప్పుల సూదులు వేయించుకుంది. నిరుడు కిడ్నీ పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ 2.1. ఇక నొప్పి గోళీలు ముట్టొద్దన్నారు. నరాల నొప్పికి ఇచ్చిన మందుతో పగలంతా మగత.

మా చిన్నమ్మ కొడుకు కాలిఫోర్నియాలో ఉంటాడు. అక్కడ 1996లోనే జనం ఓట్లేసి వైద్యానికి గంజాయి వాడుకోవచ్చన్నారు. కెనడాలో 2001 నుంచి ఉంది, జర్మనీలో 2017 నుంచి డాక్టర్లు రాస్తున్నారు. తగ్గని నొప్పులకు దాన్ని వాడేవాళ్లు చాలామంది ఉన్నారు. మన దగ్గర ఎందుకు ఉండకూడదు? పొగ తాగించమని అనట్లేదు. డాక్టర్ రాసి, కొలిచి ఇచ్చే మందు గురించే అడుగుతున్నా.

కాజీపేట_రైల్వే:
తమ్ముడూ, మీ అమ్మగారి బాధ అర్థమైంది. కానీ నేను ఒప్పుకోను. ఆంధ్రా ఒడిశా బోర్డర్ నుంచి వచ్చే సరుకు మన జంక్షన్ మీదుగానే పోతుంది. సీటు కింద బ్యాగు ఎవరిదంటే బోగీలో ఒక్కరూ మాట్లాడరు. ఆదిలాబాద్ వైపు పత్తిచేల మధ్య గంజాయి మొక్కలు దొరికాయి. మా అన్న కొడుకు ఇంటర్‌లో మొదలుపెట్టి చదువు ఆపేశాడు, ఇంట్లో ఎవరితోనూ మాట్లాడడు.

చీటీ ఉంటే చాలు అంటున్నావు. అల్ప్రాజోలం అనే మత్తు గోళీ కూడా చీటీ మీద అమ్మే మందే కదా? అది కల్లు కుండలోకి ఎట్లా వచ్చింది? ఆ కల్లు ఒక్కరోజు దొరక్కపోతే మనుషులు వింతగా ప్రవర్తించడం, ఫిట్స్ వచ్చి పడిపోవడం మన జిల్లాల్లో చూడలేదా?

మెడికల్_షాపు_నర్సంపేట:
చట్టం సంగతి కొంచెం చెప్తా, చాలామంది పొరబడుతున్నారు. 1985 ఎన్‌డీపీఎస్ చట్టంలో, అంటే మత్తుమందుల చట్టంలో, గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొనలు. ఆకు, గింజ విడిగా ఉంటే ఆ లెక్కలోకి రావు. ఆకుతో చేసే ఆయుర్వేద మందులు ‘విజయ’ పేరుతో ఇప్పటికే ఉన్నాయి, లైసెన్సు మీద తయారవుతున్నాయి. వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలని సీసా మీద రాయాలి. ఆన్‌లైన్లో ఫోన్ మీద నాలుగు ప్రశ్నలడిగి చీటీ రాసేవాళ్లూ ఉన్నారు. అది పర్యవేక్షణ అంటే నేను నమ్మను.

పక్కవీధి పొట్లం మాత్రం వద్దే వద్దు. కిలో లోపు దొరికినా ఏడాది దాకా జైలు పడొచ్చు. అందులో ఏం కలిపారో అమ్మేవాడికే తెలియదు. రక్తం పల్చబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లు ఇంకా జాగ్రత్త. గంజాయిలోని సీబీడీ అనే రసాయనం వార్ఫరిన్ ప్రభావాన్ని పెంచుతుంది, రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది.

నర్సు_అక్క:
నేను క్యాన్సర్ రోగుల దగ్గర పనిచేశాను. పరిశోధనలు ఒక్క మాట మీద లేవు. 2017లో అమెరికాలోని శాస్త్రవేత్తల సంస్థలైన నేషనల్ అకాడమీలు పెద్దవాళ్ల దీర్ఘకాలిక నొప్పికి ఇది పనిచేస్తుందనడానికి గట్టి ఆధారాలున్నాయన్నాయి. 2021లో నొప్పి వైద్యుల అంతర్జాతీయ సంఘం మాత్రం, ఉన్న ఆధారాలు చాలవు, మేం సిఫారసు చేయలేం అంది. బ్రిటన్‌లో 2018 నుంచి స్పెషలిస్టులు రాయొచ్చు, కానీ అక్కడి మార్గదర్శకాలు దీర్ఘకాలిక నొప్పికి సీబీడీ ఇవ్వొద్దంటున్నాయి. నరాల నొప్పిలో కొందరికి కొంత తగ్గుతుంది. కళ్లు తిరగడం, మగత కూడా వస్తాయి. అరవై దాటిన మనిషి రాత్రి బాత్రూమ్‌కు లేచి పడితే తుంటి ఎముక విరుగుతుంది తమ్ముడూ. ఆ తర్వాత మంచమే.

కోరుట్ల_కొడుకు:
అక్కా, పడిపోవడం సంగతి నాకు తట్టలేదు. అమ్మ ఇప్పటికే గోడ పట్టుకుని నడుస్తుంది. అందుకని నా మాట కొంత మార్చుకుంటున్నా. షాపుల్లో అమ్మాలని అడగను. ముందు పెద్దాసుపత్రిలో, నరాల నొప్పి రోగుల మీద, మన డాక్టర్ల కళ్ల ముందు పరీక్షించాలి. వైద్యానికి, పరిశోధనకు ప్రభుత్వం అనుమతివ్వొచ్చని ఆ చట్టంలోనే ఉంది. జమ్మూలోని సీఎస్ఐఆర్ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ నొప్పి మందుల కోసమే ఈ మొక్క మీద పని చేస్తోంది. మన దగ్గర ఎందుకు చేయకూడదు?

కాజీపేట అన్నా, కల్లు సంగతి నిజం. దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ భయంతో తలుపు మూస్తే ఏమవుతుందో మార్ఫిన్ విషయంలో చూశాం. గట్టి నొప్పి మందైన ఆ మార్ఫిన్ తీసే నల్లమందు పండేది మన దేశంలోనే, మధ్యప్రదేశ్, రాజస్థాన్‌లలో. అయినా 1985 చట్టం వచ్చాక లైసెన్సుల బెడదకు చాలా ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచుకోవడమే మానేశాయి. క్యాన్సర్ రోగులు అరుస్తూ పోయారు. 2014లో చట్టం సవరించేదాకా దాదాపు ముప్పై ఏళ్లు. ఆ ముప్పై ఏళ్లూ నొప్పి పడ్డది దొంగలు కాదన్నా, మంచం మీదున్నవాళ్లు.

2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితిలో గంజాయిని అతి ప్రమాదకరమైన మందుల జాబితా నుంచి తీయాలా వద్దా అని ఓటింగ్ పెడితే తీయాలన్నవాళ్లు 27, వద్దన్నవాళ్లు 25. తీయాలని ఓటేసినవాళ్లలో మన దేశం ఉంది. అక్కడ చేయెత్తి ఇక్కడ నోరెత్తకపోతే ఎట్లా?

కాజీపేట_రైల్వే:
ఆసుపత్రి లోపల, లెక్క రాసి ఇస్తే నాకు అభ్యంతరం లేదు. బయటికి ఒక్క చుక్క వచ్చినా ఒప్పుకోను.

నర్సు_అక్క:
తమ్ముడూ, అంతవరకు అమ్మను ఇట్లాగే ఉంచకు. పగలంతా మగతంటే ఆ మందు మోతాదు ఆమె కిడ్నీకి తగ్గట్టు లేదేమో. నరాల నొప్పి మందుల్లో కొన్ని కిడ్నీ ద్వారానే పోతాయి, క్రియాటినిన్ పెరిగితే వాటి మోతాదు తగ్గించాలి. రాసినప్పుడు రిపోర్టు చూశారా?

కోరుట్ల_కొడుకు:
లేదక్కా. మందు రాసింది ఒక డాక్టర్, కిడ్నీ చూసింది ఇంకో డాక్టర్. సోమవారం రెండు ఫైళ్లూ పట్టుకుని ఒకే డాక్టర్ ముందు పెడతాను. అమ్మ ఇప్పుడే లేచింది, బండ దగ్గర కూర్చుంది.