అప్‌గ్రేడ్ మధ్యలో ఆగింది: ఒకే ఫైల్, రెండు ప్యాకేజీలు

ప్రశ్న: డెబియన్ లినక్స్ 12 నుంచి 13కి మారుతుంటే సగంలో ఆగిపోయిందండీ. కొత్త లైబ్రరీ ప్యాకేజీలో ఉన్న ఫైలే ఇప్పటికే ఇంకో ప్యాకేజీలోనూ ఉందట, దాని మీద రాయలేనంటోంది. మళ్లీ యాప్ట్ (ప్యాకేజీలు వేసే కమాండ్) నడిపితే డిపెండెన్సీలు (ఒక ప్యాకేజీకి అవసరమైన వేరే ప్యాకేజీలు) కుదరలేదని గోల. 'ఫోర్స్ ఓవర్‌రైట్ (ఉన్న ఫైల్ మీదే బలవంతంగా రాయించే ఆప్షన్) కొట్టెయ్, పోతుంది' అంటున్నాడు మా ఫ్రెండు. కొట్టేయమంటారా?

జవాబు: ఆగండి, ఇప్పుడే వద్దు. రీబూట్ కూడా చేయకండి. టెన్షన్ అక్కర్లేదు, డీపీకేజీ (యాప్ట్ వెనక ఉండి ప్యాకేజీలు వేసే టూల్) ఇలా ఆగేటప్పుడు ఆ ప్యాకేజీ పాత ఫైళ్లను తిరిగి పెట్టేసే ఆగుతుంది.

ముందు ఆ ఫైల్ ఎవరిదో తేల్చుకోవాలి. డీపీకేజీకి పెద్ద ఎస్ ఆప్షన్ ఇచ్చి, ఎర్రర్‌లో కనిపించిన ఫైల్ పాత్ మొత్తం రాయండి. వచ్చిన ప్యాకేజీ పేరుతో యాప్ట్ పాలసీ నడిపితే అది ఏ రిపోజిటరీ (ప్యాకేజీలు దొరికే సర్వర్) నుంచి వచ్చిందో కనిపిస్తుంది.

ప్రశ్న: చూశానండీ. వేసి ఉన్న వెర్షన్ కింద రిపోజిటరీ ఏదీ లేదు, డీపీకేజీ స్టేటస్ ఫైల్ (వేసి ఉన్న ప్యాకేజీల జాబితా) ఒక్కటే ఉంది.

జవాబు: దొరికాడు దొంగ! అది బహుశా డెబియన్‌ది కాదు, అయితే డెబియన్ 12 నాటి పాత వెర్షన్ అయినా ఇప్పుడు ఇలాగే కనిపించవచ్చు. డెబియన్‌ది కాకపోతే, ఎప్పుడో బయటి రిపోజిటరీ నుంచో, విడిగా దించుకున్న డెబ్ ఫైల్ (ప్యాకేజీ ఫైల్) నుంచో వేసి ఉంటారు. ఇప్పుడు యాప్ట్ రిమూవ్ అంటే మొరాయించవచ్చు. నేరుగా డీపీకేజీకి చిన్న ఆర్ ఇచ్చి తీసేయండి. వేరే ప్యాకేజీలు దాని మీద ఆధారపడి ఉంటే తీయనని వాటి పేర్లు చెబుతుంది, ఆ పేర్లు ఇక్కడ పెట్టండి. తీసేశాక యాప్ట్‌కు ఫిక్స్ బ్రోకెన్ ఇన్‌స్టాల్, తర్వాత ఫుల్ అప్‌గ్రేడ్. ఏవేవి తొలగిస్తానంటోందో చదవకుండా మాత్రం వై నొక్కకండి.

ఇంకొకరు: ఫోర్స్ ఎప్పుడూ తప్పే అనను. రెండూ డెబియన్ ప్యాకేజీలే అయి, ఫైల్ ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మారి, ఆ మార్పు సంగతి డీపీకేజీకి చెప్పే రీప్లేసెస్, బ్రేక్స్ అనే లైన్లు రాయడం మెయింటెయినర్ (ప్యాకేజీ తయారుచేసే వ్యక్తి) మరిచిపోతే ఇదే ఎర్రర్ వస్తుంది. అప్పుడు ఆ ఒక్క డెబ్ ఫైల్‌కే ఫోర్స్ ఓవర్‌రైట్ ఇచ్చి, బగ్ రిపోర్ట్ రాస్తే సరి. ఆర్చ్ లినక్స్‌లో ప్యాకేజీలు వేసే ప్యాక్‌మ్యాన్ కూడా ఇలాగే అడ్డం తిరుగుతుంది. ఓనర్ కోసం క్యూ, ఓ ఆప్షన్లతో వెతికితే చాలాసార్లు ఎవరూ ఉండరు. సుడోతో (అడ్మిన్ హక్కులతో) పిప్ (పైథాన్ ప్యాకేజీలు వేసే టూల్) నడిపిన పాపం అది, నేనూ చేశాను.

ప్రశ్న: తీసేశానండీ, అప్‌గ్రేడ్ నడుస్తోంది! కానీ ఇప్పుడు ఏదో సెట్టింగుల ఫైల్ మార్చాలా వద్దా అని అడుగుతోంది.

జవాబు: ఇది వేరే సంగతి లెండి. డి నొక్కితే తేడాలు చూపిస్తుంది. ఆ ఫైల్‌లో మీరు చేసిన మార్పులు కావాలంటే ఎన్ నొక్కండి. ఊరికే ఎంటర్ కొట్టినా అదే.