పగడాల్లో దొరికే చిన్న రొయ్య ఏ కుటుంబమో ఎలా తేల్చాలి?

బరంపురం నుంచి: అన్నా, మా ల్యాబ్‌లో అండమాన్ నుంచి వచ్చిన సీసా ఒకటున్నాది, పోసిల్లోపోరా పగడం కొమ్మల మధ్య దొరికాయట, ఆల్కహాల్‌లో రంగంతా పోయింది, ఇంక దేన్ని చూసి గుర్తుపట్టాలి?

గోపాల్‌పూర్ నుంచి: రంగు వదిలెయ్ తమ్ముడూ, కాళ్లు చూడు. మొదటి జత డెక్కల్లో ఒకటి బాగా పెద్దదై, కళ్ల మీద పెంకు కప్పుంటే ఆల్ఫియిడే కుటుంబం, పోసిల్లోపోరాలో ఆ కుటుంబంలోని ఆల్ఫియస్ లొట్టిని అనే జాతి మామూలే. రెండో జత పెద్దదైతే పాలెమోనిడే కుటుంబంలో చూడు. మూడోదైతే స్టెనోపస్ రకం, అది పై రెండు కుటుంబాలుండే కారిడియా అనే పెద్ద గుంపులోదే కాదు.

ఛత్రపురం నుంచి: పాత పుస్తకాల్లో పొంటోనినే అని ఉపకుటుంబం కనబడతాది, కంగారుపడకు, 2015లో పాలెమోనిడేలో కలిపేశారు. ఈసారి ఎవరైనా తెస్తే బతికుండగానే ఫొటో తీయమను, దయచేసి.

బరంపురం నుంచి: చూశానన్నా, మొదటి జతే, ఒకటి రెండోదానికి డబుల్ ఉన్నాది!