ఇండోనేషియాలో దేవుణ్ణి నమ్మని మిత్రుడికి ఏమి చెప్పాలి?

ప్రశ్న: సురబాయ ఇంజినీరు

సభ్యులందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా నేను కొంతకాలంగా ఇండోనేషియాలోని సురబాయ నగరంలో ఉంటున్నాను. మాది కృష్ణా జిల్లా. మా తాతగారు నాస్తికోద్యమ నాయకుడు గోరా గారి ఉపన్యాసాలు విని మారిన మనిషి కనుక మా ఇంట్లో పూజగది లేదు, పెళ్ళిళ్ళు దండల మార్పిడితోనూ రిజిస్ట్రారు ఎదుట సంతకాలతోనూ ముగిసేవి. దేవుడు లేడని చెప్పడానికి మా ఇంట్లో ఎవరికీ ధైర్యం అవసరం కాలేదు. బంధువులు నొసలు చిట్లించేవారు, అంతకు మించి ఏమీ జరిగేది కాదు.

ఇక్కడ నాతో పనిచేసే జావా యువకుడొకరు ఇటీవల తనకు దేవుడి మీద నమ్మకం లేదని నాతో ఏకాంతంగా చెప్పారు. నేను విదేశీయుణ్ణి కనుకనే చెప్పగలిగానని కూడా అన్నారు. ఆయన శుక్రవారం అందరితోపాటు మసీదుకు వెళ్తారు, రంజాన్ నెలలో ఆఫీసులో మంచినీళ్ళు కూడా ముట్టరు. ఆయన గుర్తింపు కార్డులో మతం గడిలో ఇస్లాం అని ఉంది. త్వరలో ఆయన పెళ్ళి. అమ్మాయి ఐదు పూటలా నమాజు చేసే మనిషి, ఆమెకు ఈ సంగతి తెలియదు. కార్డులో మతం గడిని ఖాళీ చేయించుకుంటే మనసు తేలికపడుతుందేమోనని ఆయన ఆలోచన. నమ్మనిదాన్ని నమ్ముతున్నట్టు జీవితాంతం నటించడం తగదని నా అభిప్రాయం, కాని ఆ మాట ఆయనతో అనడానికి నాకు అధికారం ఉందో లేదో తెలియడం లేదు. అవిశ్వాసం ఇక్కడ నిజంగా నేరమా? ఈ దేశంలో ఎక్కువకాలం గడిపినవారు, ముస్లిం కుటుంబాలలో పుట్టి నమ్మకం వదులుకున్నవారు చెబితే మేలు.

జవాబు 1: జకార్తా ప్రవాసి

మీ మిత్రుడి మనసులో ఉన్నది నేరం కాదు. నమ్మకం లేకపోవడాన్ని శిక్షించే సెక్షను ఇండోనేషియా చట్టంలో లేదు, ఇస్లాం వదిలిపెట్టినందుకు మరణశిక్ష విధించే దేశాల జాబితాలో ఇది లేదు. అయితే ఇక్కడి రాజ్యాంగ పీఠికలో ఉన్న పంచశీల సూత్రాలలో మొదటిదే ఏకైక దైవంపై విశ్వాసం. పౌరుడు ముస్లిమే కావాలని రాజ్యం అడగదు, ఏదో ఒక మతస్థుడు కావాలని మాత్రం అడుగుతుంది. ఇస్లాం, ప్రొటెస్టెంటు, కాథలిక్, హిందూ, బౌద్ధ, కన్ఫ్యూషియన్ అనే ఆరు మతాలకు గుర్తింపు ఉంది. స్థానిక తెగల విశ్వాసాలను కూడా కార్డులో నమోదు చేయవచ్చని 2017 నవంబరులో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు చెప్పింది. మతమే లేనివారికి అటువంటి స్థానం కావాలని వేసిన పిటిషనును అదే న్యాయస్థానం 2025 జనవరిలో తోసిపుచ్చింది. మన దగ్గర 2023లో తెలంగాణ హైకోర్టు జనన ధ్రువపత్రంలో కులం, మతం లేవని నమోదు చేసుకునే వీలు కల్పించాలని ఆదేశించింది. ఆ రెండు తీర్పులను పక్కపక్కన పెట్టి చదివితే దారులు ఎక్కడ విడిపోయాయో కనిపిస్తుంది.

గడిని ఖాళీగా ఉంచుకునే వీలు ఎలాగో దొరికిందనే అనుకుందాం. కాని ఆ ఖాళీ గడి ప్రతి కౌంటరు దగ్గరా ప్రశ్నగా మారుతుంది. 2017 తీర్పుకు ముందు తెగల విశ్వాసాలు పాటించేవారు అలా ఖాళీ గడితోనే బతికారు, పెళ్ళి నమోదుకూ పిల్లల జనన ధ్రువపత్రానికీ నానా తిప్పలు పడ్డారు, కోర్టుకు వెళ్ళింది అందుకే. మీ మిత్రుడికైతే పెళ్ళి ముందుంది. 1974 నాటి వివాహ చట్టం ప్రకారం వధూవరుల మతాచారం ప్రకారం జరిగితేనే వివాహం చెల్లుతుంది. మన 1954 ప్రత్యేక వివాహ చట్టం వంటిది ఇక్కడ లేదు. మీ ఇంటి పద్ధతిలో రిజిస్ట్రారు ముందు సంతకం పెట్టి దంపతులైపోయే దారి ఇక్కడ మూసివుంది. వేర్వేరు మతాలవారి పెళ్ళిళ్ళ నమోదుకు అనుమతి ఇవ్వవద్దని 2023లో ఇక్కడి సుప్రీంకోర్టు కింది కోర్టులకు సర్క్యులరు కూడా పంపింది. కార్డు మార్చుకున్న మరుక్షణం ఆయన ఆ అమ్మాయిని పెళ్ళాడే చట్టబద్ధమైన మార్గాన్ని తానే మూసుకున్నట్టు అవుతుంది.

ఇక నోరు విప్పడం సంగతి. పాత శిక్షాస్మృతిలోని 156ఏ సెక్షనులో, జనం ఏ మతాన్నీ అవలంబించకుండా చేయాలనే ఉద్దేశంతో బహిరంగంగా మాట్లాడినా ప్రవర్తించినా ఐదేళ్ళ వరకు జైలుశిక్ష ఉండేది. 2026 జనవరి 2 నుంచి అమలులోకి వచ్చిన కొత్త శిక్షాస్మృతిలో ఇదే విషయం 302వ సెక్షనులోకి వచ్చింది: మతం వదిలేయమని ఇతరులను బహిరంగంగా ప్రేరేపిస్తే రెండేళ్ళ వరకు శిక్ష. ఒకరితో ఒకరు ఏకాంతంగా మాట్లాడుకోవడం దీని కిందికి రాదు. వాట్సాప్ గ్రూపులో, ఫేస్‌బుక్‌లో రాయడం మాత్రం నిప్పుతో చెలగాటమే. మీరిద్దరూ ఈ విషయాన్ని ఫోనులో రాతపూర్వకంగా చర్చించుకోవద్దని నా సలహా.

జవాబు 2: కర్నూలు సభ్యుడు

నేను ముస్లిం కుటుంబంలో పుట్టి, నమ్మకం పోయినవాణ్ణి. ఊరు ఇండోనేషియా కాదు కనుక చట్టం గురించి పైన చెప్పినవారికంటే ఎక్కువ చెప్పలేను. ఇంటి సంగతి చెప్పగలను.

బయటివారు నాస్తికత్వాన్ని ఒక వాదనగా చూస్తారు. ఉమ్మడిగా బతికే ముస్లిం కుటుంబంలో అది వాదన కాదు, హాజరు. ఈద్ నమాజుకు అబ్బాజాన్ పక్కన నిలబడ్డావా, మేనమామ జనాజాకు (శవయాత్రకు) భుజం పట్టావా, చెల్లెలి నికాహ్‌కు సాక్షిగా కూర్చున్నావా అన్నవే అక్కడ లెక్కకు వస్తాయి. నమాజు చేయనివాణ్ణి మా మహల్లాలో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. సోమరి అంటారు, పెళ్ళయితే దారికొస్తాడంటారు. చేయకపోవడానికి కారణం సోమరితనం కాదని నోటితో చెప్పిన రోజున సంగతి మారిపోతుంది. అమ్మీ ఏడుస్తుంది, ఆ ఏడుపు కోపంతో కాదు. పరలోకంలో కొడుకు తన పక్కన ఉండడని ఆమె నిజంగా నమ్ముతుంది. ఆ దుఃఖానికి ఏ హేతువాద గ్రంథంలోనూ జవాబు లేదు. నేను మా అమ్మీకి చెప్పలేదు, చెప్పబోను కూడా. ఇది నటన అని సురబాయ సోదరులు అంటే కాదనను. ఆమె ఉన్నంతకాలం ఈ నటన నాకు బరువు కాదని మాత్రం అంటాను.

ఇంకొక సంగతి. మీ ఇంట్లో నాస్తికత్వం తాతగారి నుంచి వచ్చిన ఆస్తి. ఆ ఆస్తితో పుట్టినవారు, అది లేనివారిని చూసి ఎందుకు దాస్తున్నారని అడగడం కొంచెం సులువు. ఎత్తిపొడుపుగా అనడం లేదు, మీరు అడిగిన తీరు మర్యాదగానే ఉంది.

వారసత్వం గురించి కూడా మీ మిత్రుడు తెలుసుకోవాలి. మన దేశంలో మతం వదిలినంత మాత్రాన వారసత్వ హక్కు పోకూడదని 1850లోనే చట్టం వచ్చింది. అయినా ముస్లింగా పుట్టి నమ్మకం వదిలినవారికి ఏ వారసత్వ చట్టం వర్తించాలన్న ప్రశ్న తేలలేదు, కేరళకు చెందిన ఒక మహిళ దానిపై సుప్రీంకోర్టు తలుపు తట్టారు. ఇండోనేషియాలో సంగతి జకార్తా వారు చెప్పాలి.

జవాబు 3: జకార్తా ప్రవాసి

కర్నూలు వారి సూచనకు కృతజ్ఞతలు, ఆ విషయం నేను రాయకుండా వదిలేశాను. ఇక్కడి మత న్యాయస్థానాలు 1991 నాటి ఇస్లామిక్ న్యాయ సంకలనాన్ని అనుసరిస్తాయి. దాని 171వ అధికరణ ప్రకారం వారసుడు ముస్లిం అయివుండాలి. అతడు ముస్లిం అని ఎలా తెలుస్తుందంటే, 172వ అధికరణ చెప్పేది ఇది: గుర్తింపు కార్డు వల్ల గాని, అతని ఒప్పుకోలు వల్ల గాని, ఆచరణ వల్ల గాని, సాక్ష్యం వల్ల గాని. అంటే మీ మిత్రుడు మనసు తేలిక కోసం చెరిపివేయాలనుకుంటున్న ఆ ఒక్క గడి, తండ్రిగారి ఇంటిలో ఆయన వాటాకు రుజువులలో ఒకటి.

జవాబు 4: చరిత్ర అధ్యాపకుడు

పై జవాబులు చదివినవారికి ఇదంతా ఇస్లాం వల్ల వచ్చిన చిక్కు అనిపించవచ్చు. నేను అంగీకరించను. 1945 ఆగస్టు 18న ఇండోనేషియా నాయకులు రాజ్యాంగ పీఠిక ముసాయిదా నుంచి ముస్లిములు షరియా పాటించాలనే పదబంధాన్ని తొలగించారు. ముస్లిములు అత్యధికంగా ఉన్న దేశం ఇస్లామును రాజ్య మతం చేసుకోకుండా ఆగింది. నాస్తికుడి మీద ఇక్కడ ఉన్న భయం మసీదులో పుట్టినదానికంటే 1965లో సైనిక బ్యారక్‌లలో పుట్టినది ఎక్కువ. ఆ సంవత్సరం చివర మొదలైన హత్యాకాండలో కమ్యూనిస్టులనే పేరుతో లక్షలాది మంది చనిపోయారు. 1966లో కమ్యూనిజాన్ని నిషేధించారు. కమ్యూనిస్టు అంటే దేవుడు లేనివాడు, దేవుడు లేనివాడు అంటే కమ్యూనిస్టు అని అధ్యక్షుడు సుహార్తో పాలన మూడు దశాబ్దాలపాటు నూరిపోసింది. అప్పట్లో మతం నమోదు చేయించుకోవడం ప్రాణరక్షణ అయింది, జావాలో ఎందరో ఆ భయంతోనే క్రైస్తవులుగానో హిందువులుగానో నమోదయ్యారు. జావా పల్లెలలో పూర్వం పేరుకు ముస్లిములై, తమ ఆచారాలలో తాముండే అబంగన్లు అనేవారు అసంఖ్యాకంగా ఉండేవారు. మీ మిత్రుడి ముత్తాత నమాజు చేసేవాడో కాదో ఎవరు చూశారు?

జవాబు 5: జకార్తా ప్రవాసి

అధ్యాపకులు చెప్పిన చరిత్ర సరైనదే, కాని అది మొత్తం లెక్క కాదు. 2012 జనవరిలో పశ్చిమ సుమత్రాలోని ధర్మశ్రయ జిల్లాలో అలెగ్జాండర్ ఆన్ అనే యువ ప్రభుత్వోద్యోగి దేవుడు లేడని ఫేస్‌బుక్‌లో రాశాడు. ఆయనను కొట్టడానికి గుంపుగా ఆఫీసుకు వచ్చినవారు సైనికులు కాదు, ఆ ఊరివారే. పోలీసులు దాడి చేసినవారిని వదిలి ఆయనను పట్టుకుపోయారు. ఆ ఏడాది జూన్‌లో కోర్టు ఆయనకు రెండున్నరేళ్ళ జైలు, పది కోట్ల రూపియాల జరిమానా విధించింది. శిక్ష పడింది నాస్తికుడైనందుకు కాదు, మత విద్వేషం రగిల్చే సమాచారం వ్యాప్తి చేశాడని, ఎలక్ట్రానిక్ సమాచార చట్టం కింద. అది మినాంగ్‌కబావు ప్రజల నేల. తమ ఆచారానికి షరియా పునాది, షరియాకు ఖురాను పునాది అన్నది వారి సామెత. అక్కడ 1965తో పాటు ఆ సామెతను కూడా లెక్కలోకి తీసుకోవాలి. సురబాయ అటువంటిది కాదు, షరియా చట్టాలు అమలయ్యే ఆచే రాష్ట్రం వంటిది అసలే కాదు. పెద్ద నగరంలో, చదువుకున్నవారి మధ్య, నమ్మకం లేనివారు చాలామందే ఉన్నారు. పేరుకు ముస్లిములను ఇక్కడ కార్డు ముస్లిం అని హాస్యంగా అంటారు, దానికి ఎవరూ నొచ్చుకోరు. ఇక్కడ అలవాటుగా సాగుతున్న సర్దుబాటు అదే: చేయకు, కాని లేదనకు.

ప్రశ్న అడిగినవారు: సురబాయ ఇంజినీరు

అందరికీ కృతజ్ఞతలు. వారసత్వం సంగతి నేను ఊహించనిది. కార్డు జోలికి పోవద్దని ఆయనతో చెబుతాను, ఈ చర్చను ఫోనులో కాక ఎదురెదురుగానే సాగిస్తాను. అయితే కర్నూలు సోదరులను ఒకటి అడగాలి. అమ్మకు చెప్పకపోవడం నాకు అర్థమైంది. కాబోయే భార్యకు కూడా చెప్పకూడదా?

జవాబు 6: కర్నూలు సభ్యుడు

చెప్పాలి, నికాహ్‌కు ముందే చెప్పాలి. అమ్మీ నన్ను ఎంచుకోలేదు, నేను ఆమె కడుపున పుట్టాను. ఆ అమ్మాయి అలా కాదు. ఆమె తన పిల్లలకు ఖురాను నేర్పే తండ్రి కావాలనుకుని ఆయనకు సరే అంది. ఖాజీ ముందు కబూల్ అన్న తరువాత తెలిస్తే ఆమెకు మిగిలేవి రెండే: నోరు మూసుకోవడం లేదా కోర్టుకెక్కడం. జకార్తా వారు చెప్పిన ఆ సంకలనాన్ని మీరు రాసిన తరువాత చూశాను, భర్త మతభ్రష్టుడై దానివల్ల కాపురంలో కలతలు వస్తే విడాకులకు అది కారణమవుతుందని 116వ అధికరణలో ఉంది. అప్పుడు ఆయన ఏకాంతంగా దాచిన మాట న్యాయమూర్తి ముందు, ఇరువైపుల బంధువుల ముందు, సాక్ష్యంగా బయటపడుతుంది.

ఎలా చెప్పాలంటే, దేవుడు లేడని మొదలుపెట్టవద్దనండి. నమాజు తనకు పట్టుబడటం లేదని, ఆమె చేసుకుంటే అడ్డురానని, పిల్లలకు ఆమె నేర్పితే కాదననని, వారు పెద్దయ్యాక అడిగితే మాత్రం అబద్ధం చెప్పనని, ఈ నాలుగు మాటలు చెబితే చాలు. ఇవి ఆమె తన తండ్రికి చెప్పకుండా మనసులో ఉంచుకోగల మాటలు. మొత్తం తత్త్వమంతా ఆమె నెత్తిన పెడితే, మోయలేక వెళ్ళి తండ్రితో చెబుతుంది. ఆమె కాదంటే సంబంధం పోతుంది, ఊళ్ళో మాట రాదు. పెళ్ళి తేదీ దగ్గరపడితే కార్డులు పంచుతారు, ఆ తరువాత కాదనడం ఆమెకు కష్టమవుతుంది, కనుక ఈ నెలలోనే చెప్పమనండి.