అప్‌డేట్: గతుకుల మీద ముందు చక్రం దగ్గర టక్ టక్ శబ్దం, కారణం దొరికింది

మిడ్‌సైజ్ ఎస్‌యూవీ గతుకుల మీద నెమ్మదిగా వెళ్తుంటే ఎడమ ముందు చక్రం దగ్గర టక్ టక్ అంటోందని అడిగాను కదా. షాక్ అబ్జార్బర్లు మార్చాలన్నారు, కానీ వాటి మీద ఆయిల్ చెమ్మ కూడా లేదు, అంటే లీకు లేదు. అసలు దోషం స్టెబిలైజర్ లింక్‌ది (మలుపుల్లో బండి పక్కకి ఒరగకుండా చూసే స్టెబిలైజర్ బార్‌ని చక్రం వైపు సస్పెన్షన్‌కి కలిపే చిన్న కడ్డీ). దాని చివరి రబ్బరు బూటు (తొడుగు) చిరిగి, గ్రీజు పోయి, లోపలి బాల్ జాయింట్ అరిగిపోయింది.

చెక్ చేసేవాళ్లు బండి నాలుగు చక్రాల మీద ఉండగానే లింక్ పట్టుకుని ఊపండి. ఒక్క చక్రమే జాకీ మీద లేపితే బార్ మెలిపడి లింక్ బిగుసుకుంటుంది, లూజు బయటపడదు. రెండు వైపులా మార్పించాను, శబ్దం పోయింది. లింక్ నట్టు విప్పేటప్పుడు స్టడ్ (నట్టు ఎక్కే మర కడ్డీ) కూడా తిరిగిపోతుంటే దాని చివర అలెన్ కీ పెట్టి ఆపాలి. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది వైపు బండికి కలిపే చేయి) రబ్బరు బుష్‌లు కూడా మార్పిస్తుంటే, ఆ బోల్టులు బండి బరువు చక్రాల మీద పడ్డాకే పూర్తిగా బిగించమనండి. గాల్లో బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది.