కొత్త డాక్ కింద సముద్రపు గడ్డి బతకాలంటే ఎలా కట్టించాలి?

లగూన్ ఒడ్డు:
అందరికీ నమస్కారం. మాది ఫ్లోరిడాలోని మెల్‌బోర్న్, ఇండియన్ రివర్ లగూన్ (సముద్రం పక్కనే ఉండే ఉప్పునీటి సరస్సు) పక్కనే ఇల్లు. తుఫానుకి పాత డాక్, అంటే ఒడ్డు నుంచి నీళ్లలోకి స్తంభాల మీద కట్టిన చెక్క నడకదారి, సగం కొట్టుకుపోయింది, కొత్తది కట్టించాలి. నీళ్లు తేటగా ఉన్నప్పుడు దిగి చూశాను. డాక్‌కి రెండు పక్కలా షోల్ గ్రాస్ అనే సముద్రపు గడ్డి నారుమడిలా సన్నగా లేచి ఉంది. నీడ పడే మేర మాత్రం వట్టి ఇసుక. 2021లో ఈ లగూన్‌లో గడ్డి కరువై మానటీలు (గడ్డి తిని బతికే సముద్రపు ఆవులు) ఆకలితో చచ్చిపోవడం చూసినవాళ్లం. ఉన్న కాస్త గడ్డీ మా డాక్ వల్ల పోకూడదు. కాంట్రాక్టరేమో ఆరడుగుల వెడల్పుతో, నీటికి దగ్గరగా కట్టుకోండి, కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) ఎక్కడం తేలిక అంటున్నాడు. పలకల మధ్య సందులు పెంచితే చాలా?

టాంపా సివిల్:
చాలదండీ. ముందు ఎత్తు చూడండి. డాక్ కిందకి ఉంటే నీడ చిక్కగా ఒకేచోట పడుతుంది, ఎత్తుగా ఉంటే పొద్దుటి ఎండ, సాయంత్రపు ఎండ ఏటవాలుగా కిందకి దూరుతుంది. మసాచుసెట్స్‌లో ఈల్‌గ్రాస్ అనే మరో సముద్రపు గడ్డి మీద బర్డిక్, షార్ట్ అనే పరిశోధకులు 1999లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఎత్తే ముఖ్యమని తేలింది. ఫ్లోరిడా మార్గదర్శకాల ప్రకారం సగటు పోటు మట్టానికి 5 అడుగుల ఎత్తు ఉండాలి, నడకదారి 4 అడుగులు మించకూడదు, పలకల మధ్య అర అంగుళం సందు వదలాలి. వీలైతే ఉత్తర దక్షిణాలుగా కట్టండి. సూర్యుడితోపాటు నీడా జరుగుతుంది, ఏ మొక్కా రోజంతా చీకట్లో ఉండదు.

లగూన్ ఒడ్డు:
మాది పడమటి ఒడ్డు అండీ. డాక్ తూర్పుకే వెళ్లాలి, వేరే దారి లేదు.

కయాక్ మిత్రుడు:
అయితే గడ్డి మీదుగా వెళ్లే భాగానికి పలకలు వద్దు, ఫైబర్‌గ్లాస్ గ్రేటింగ్ (వెలుతురు దూరే జాలీ పలక) వేయించండి. 43 శాతం ఖాళీ ఉన్నది దొరుకుతుంది. ఖర్చు ఎక్కువే, కానీ మీ దిక్కుకి అదే సరైనది. అలాగని ఎత్తు తగ్గించకండి. చివరి ప్లాట్‌ఫామ్, బోట్ లిఫ్ట్ (పడవను నీటిపైకి ఎత్తి ఉంచే అమరిక) గడ్డి అంచు దాటాక లోతులో పెట్టించండి, కయాక్ మెట్టు కూడా అక్కడే. పడవ నీడా నీడే కదా!

టాంపా సివిల్:
ఇంకో మాట. స్తంభాల్ని నీటి జెట్‌తో, అంటే నీళ్లు జోరుగా చిమ్మి అడుగు తవ్వుతూ, దించనివ్వకండి, ఇసుక లేచి చుట్టూ ఉన్న గడ్డిని కప్పేస్తుంది. గడ్డి సర్వే జూన్, సెప్టెంబరు మధ్య చేయించండి. చలికాలంలో ఆకు పలచబడి, ఉన్న గడ్డి కూడా లేనట్టే కనిపిస్తుంది.